దివిసీమలో మోటారు సైకిళ్ల విడిది

“ఇంట్లో మంచం ఉంది, దోమతెర ఉంది, నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. ఇవన్నీ వదిలేసి, పెట్రోలు తగలేసుకుని పోయి, చలిలో నేలమీద పడుకోవటానికి నీకేం ఖర్మ పట్టిందిరా?” అని మా పెద్దమ్మ ఏటేట నన్నడుగుచుండును. గుడివాడలో మా యింటిముందు మోటారు సైకిళ్లకు మూటలు కట్టుచుండగా చూచి పోవువారందరి మనస్సులలోను మెదలు ప్రశ్న యిదియే. నేటి ప్రసంగములో దానికి సమాధానము చెప్ప ప్రయత్నింతును. పెద్దమ్మకు రేడియో విను అలవాటున్నది. ఎదుట నిలిచి చెప్పినచో ఆమె నా మాట సాగనీయదు గనుక, ఈ విధముగా చెప్పుటయే నాకు క్షేమకరము.

సంక్రాంతి వెళ్లిన పిమ్మట ఒక శుక్రవారము సాయంకాలము మేము కొందరము బయలుదేరి దివిసీమకు పోయి, రెండు రాత్రులు గుడారములలో గడిపి, ఆదివారము మధ్యాహ్నమునకు ఇండ్లు చేరుదుము. గుడివాడ వారు కొందరు, బందరు వారు కొందరు, కృష్ణ కావలి యొడ్డున రేపల్లె నుండి ఒకరిద్దరు. మాకు సంఘమని పేరు లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. ఒకరు బియ్యపు మిల్లులో గుమాస్తా, ఒకరు బడిపంతులు, ఒకరు పెడనలో కలంకారీ అద్దకము పనివారు, ఒకామె బందరులో వైద్యురాలు. మమ్ములను కలిపినది మోటారు సైకిలు ఒక్కటియే. తక్కిన విషయములలో, ముఖ్యముగా రాజకీయములలో, మేము కలియకుండుటయే మంచిదని అనుభవముమీద తెలిసికొంటిమి.

ఈ బండ్లను గూర్చి రెండు మాటలు. బజారులో తిరుగు బండికిని, దారిలేని చోట్ల సాహసయాత్రలకై చేసిన యీ బండికిని గల భేదము చూచినంతనే తెలియును. ఇది గుఱ్ఱమువలె ఎత్తుగా నుండును. ముందుచక్రము 21 అంగుళములు. పెద్ద చక్రము చిన్న గోతిలో పూర్తిగా దిగబడదు. రాయి అడ్డము వచ్చినను సులభముగా ఎక్కును. చక్రమునకు పోతపోసిన రేకలకు బదులు సన్నని ఊచలుండును. దెబ్బ తగిలినపుడు ఊచలు కొంత వంగి ఓర్చుకొనును గాని చక్రము పగులదు. నేలకును ఇంజను అడుగుభాగమునకును నడుమ 220 మిల్లీమీటర్లు, అనగా జానెడు ఎడముండును. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు హిమాలయన్ అను బండిని, 2019లో హీరో వారు ఎక్స్‌పల్స్ అను 200 సీసీ బండిని విడుదల చేసిన తరువాత ఇట్టివి మన చిన్న పట్టణములలో గూడ కనబడసాగినవి. మాలో ఒకరు మాత్రము తండ్రిగారి నాటి బుల్లెట్టునే ఇప్పటికిని తెచ్చుచున్నారు. 1955లో మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో ఆరంభమైన కర్మాగారపు సంతతి అది. కిక్కు కొట్టుటకు ముందు ఆయన వంగి దానితో ఏదో రహస్యము చెప్పును. ఏమి చెప్పునో మాకెన్నడును చెప్పలేదు. కాని అది ఒక్క కిక్కుకే మేలుకొనును.

మోటారు సైకిలుపై దూరముపోయి బయట పడుకొనుట మేము కనిపెట్టిన వింత కాదు. 1912లో కార్ల్ స్టెర్న్స్ క్లాన్సీ అను అమెరికా యువకుడు హెండర్సన్ బండిపై బయలుదేరి మరుసటి యేడు భూప్రదక్షిణము ముగించెను. 1934లో థెరిసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ అను ఇద్దరు స్త్రీలు పక్కబండి తగిలించిన ప్యాంథర్ మోటారు సైకిలుపై లండను విడిచి, సహారా ఎడారిని దాటి, 1935లో ఆఫ్రికా దక్షిణపు కొనయందలి కేప్‌టౌన్ చేరిరి. అవి ఒంటరి, జంట యాత్రలు. ఎక్కడెక్కడివారో బండ్లపై వచ్చి ఒకచోట గుడారములు వేసి కలిసికొను పద్ధతికి పేరు తెచ్చినది జర్మనీ దేశము. 1956 చలికాలమున ఎర్నస్ట్ లెవర్కుస్ అను పత్రికారచయిత పిలుపునందుకొని, స్టుట్‌గార్టు దగ్గర కొలదిమంది త్సుండాప్ కె.ఎస్. 601 అను పెద్ద మోటారు సైకిలు గలవారు కూడిరి. ఆ బండికి జనులు పెట్టిన ముద్దుపేరు పచ్చయేనుగు. అందుచే ఆ కూటమికి ఏనుగుల సమావేశమని పేరు వచ్చెను. 1989 నుండి అది బవేరియా అడవులలో సొల్లా అను పల్లెదగ్గర జరుగుచున్నది. వేలకొలది జనము మంచులో బండ్లు నడపుకొని వచ్చి, మంచుపై ఎండుగడ్డి పరచి, దానిమీద గుడారములు వేసికొందురు. వేల్సు దేశమున 1962లో మొదలైన డ్రాగన్ ర్యాలీయు చలికాలపుదే. వేసవిలో పిలిచిన అందరును వత్తురు. చలిలో వచ్చువాడెవడో చూతమని వారి పట్టుదల కాబోలు.

వారి చలికి మన చలి లెక్కలోనిది కాదు. అయినను ఎండుగడ్డి మాట నాకు నచ్చినది. మనకును జనవరి నాటికి కుప్పనూర్పులు ముగిసి, ఎక్కడ చూచినను వరిగడ్డి వాములే. గుడారము క్రింద మూడంగుళముల మందమున వరిగడ్డి పరచినచో, చెమ్మ పైకి రాదు, వెన్నునకు నేల గట్టిదనము తెలియదు. బవేరియా వానికిని, కోడూరు రైతునకును ఈ విషయమున అభిప్రాయభేదము లేదు.

ఇక అసలు సందేహము. సాహసమనగా కొండలెక్కుట, లోయలు దిగుట గదా! మన తెలుగు యువకులు ఏటేట లడాకునకు పోయి, 5,359 మీటర్ల యెత్తున నున్న ఖార్దుంగ్‌లా కనుమపై నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొని వచ్చుచున్నారు. మా గుడివాడ పిల్లలకు కొండ యన్న బెజవాడ ఇంద్రకీలాద్రియే. మా జిల్లాలో సముద్రపు వైపు పోవుకొలది నేల పళ్లెమువలె చదును. ఇట్టిచోట బండికేమి పని, మనిషికేమి పరీక్ష అని మొదట నేనును అనుకొంటిని. కొండ యెత్తుగా నిలిచి యుండి కంటికి తన అపాయమును ముందుగానే చెప్పును. డెల్టా నేల అట్లు చెప్పదు. ఆ సంగతి తెలియుటకు నాకొక రాత్రి పట్టినది. దానిని తరువాత మనవిచేయుదును.

ముందు దారి. గుడివాడ వారము పామర్రు మీదుగా కూచిపూడి దాటి చల్లపల్లి చేరుదుము. బందరు వారు జాతీయ రహదారిపై అక్కడికే వత్తురు. చల్లపల్లిలో టీ త్రాగి, ఎవరి మూట ఊడినదో చూచుకొని, మోపిదేవి మీదుగా పులిగడ్డకు పోవుదుము. గుడివాడ నుండి హంసలదీవి వరకు అంతయు కలిపి నూరు కిలోమీటర్లు నిండదు. పులిగడ్డ కడ కృష్ణ రెండుగా చీలును. ఆ పాయల నడుమ నేలయే దివి. అక్కడ నదిపాయమీదుగా కాలువను దాటించిన అక్విడక్టు ఉన్నది. క్రింద నది సముద్రమునకు పోవుచుండ, పైన కాలువ చేలకు పోవుచుండును. నేనెన్నిసార్లు పోయినను బండి ఆపి చూడక కదలను. వెనుక వచ్చువారు హారను మ్రోగింతురు.

అవనిగడ్డ దాటి కోడూరు వైపు తిరిగిన పిమ్మట తారురోడ్డు విడిచి డొంకలలోనికి దిగుదుము. మా బండ్ల నిజమైన పని అక్కడ మొదలగును. డొంక యనగా ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు నడచు మట్టిదారి. ఎండినపుడు ఆ రేగడిలో పడిన గాడి ఇటుకవలె గట్టిపడును. చక్రము దానిలో పడినచో గాడి పోయిన చోటికే మనము పోవలెను. తిప్ప ప్రయత్నించిన పడుదుము. తడిసినపుడో, ఆ మట్టి టైరునకు అంటుకొని, మడ్‌గార్డు క్రింద కూరుకొని, చివరకు చక్రమును తిరుగనీయక పట్టివేయును. అప్పుడు కొబ్బరిమట్టతో మట్టిని గీకుకొనుచు కూర్చుండవలెను. ఇరువైపుల మినుము, పెసర చేలుండును గనుక ప్రక్కకు దిగుటకు వీలులేదు. ఒకసారి మాలో ఒకరు తప్పిపోయి పది అడుగుల మినుపచేను తొక్కిరి. రైతు మమ్ములను కోపపడలేదు. “చూసుకోండయ్యా” అని మాత్రమనెను. ఆ మాటకే ఆ పిల్లవాడు సాయంకాలము వరకు తలయెత్తలేదు.

మూటల సంగతి. మొదటి యేడు నేను ఇంటిలోని సగము సామాను తీసికొనిపోతిని. నేడు నా బండిపై ఒక గుడారము, ఒక దుప్పటి, ఒక చాప, రెండు జతల బట్టలు, గాలిపంపు, పంక్చరు సామాను, ఐదు లీటర్ల మంచినీరు, అంతే. బరువైనవి క్రిందను ముందుకును, తేలికవి పైనను వెనుకకును ఉండవలెను. లేనిచో ముందుచక్రము తేలిపోయి బండి మాట వినదు. వంటసామాను అందరము పంచుకొందుము. మందులపెట్టె డాక్టరుగారి దగ్గర నుండును. దానిలో మొదట అయిపోవునది మూలుగుల నొప్పికి రాయు లేపనము.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. మేము మొట్టమొదట పోయిన యేడది. హంసలదీవి వేణుగోపాలస్వామివారి ఆలయము చూచుకొని, సముద్రపుటొడ్డున ఇసుకతిప్పపైననే గుడారములు వేసితిమి. ఎవరిని అడుగలేదు. ఒడ్డు అందరిదియు గదా అని మా ధీమా. గుడారపు మేకులు ఇసుకలో నిలువక గాలికి రెండు గుడారములు లేచిపోయినవి. అదియొక సూచనయని మాకు తోచలేదు. రాత్రి తొమ్మిదింటికి పాటు తీసియుండెను. నీరు వెనుకకు పోగా, తడియిసుక వెన్నెలలో సిమెంటురోడ్డువలె మెరయుచుండెను. దానిని చూచి ఊరకుండుట మాకు సాధ్యము కాలేదు. టైర్లలోని గాలి కొంత తీసివేసి, నేనును మరియొకరును బండ్లు దింపి ఒడ్డువెంట తోలితిమి. అట్టి సుఖమును నేను మరియెన్నడు నెరుగను. అబద్ధమాడి ప్రయోజనమేమి? ఎదుట ఎవరును లేరు, గుంట లేదు, మలుపు లేదు. ఒకవైపు సముద్రము, ఒకవైపు చీకటి.

అట్లు పోయి పోయి ఒక చిన్న మొగ దగ్గర, అనగా పాయనీరు సముద్రములో కలియుచోట, పైన ఇసుకవలె కనబడు చోటికి వచ్చితిమి. పైన రెండంగుళములే ఇసుక. క్రింద అంతయు అడుసు. నా ముందుచక్రము ఇరుసువరకు దిగెను. ఇంజనుతో లాగబోగా వెనుకచక్రము తనకు తానే గోతిని త్రవ్వుకొనెను. నూటతొంబది కిలోలకు పైబడిన యినుము. ఇద్దరము ఎంత లాగినను కదలలేదు. అప్పటికి పోటు తిరిగినది. ఆ తీరమున పోటు నీరు నిలువున ఎక్కువ లేవదు. కాని నేల చదునగుటచే అడ్డముగా చాలదూరము పరుగెత్తి వచ్చును. కొంతసేపటికి నీరు చీలమండలను తాకెను. తరువాత ఇంజను పెట్టెను తాకెను.

మా దీపపు వెలుతురు చూచి ఆరేడుగురు జాలరులు వచ్చిరి. వారిలో ఒక వృద్ధుడు నీటిని ఒకసారి, మమ్ములను ఒకసారి చూచి, “లాగకండి. పడుకోబెట్టండి” అనెను. నాకర్థము కాలేదు. వారే బండిని నీటిలో ప్రక్కకు పడవేసిరి. పడవేయగానే చక్రములు గోతులనుండి పైకి వచ్చినవి. వాని క్రింద పడవలను ఒడ్డుకు లాగునపుడు వేయు దుంగలు దూర్చి, త్రాడు కట్టి, ‘ఐలెస్సా’ యనుచు నావను లాగినట్లు లాగిరి. బండి గట్టిగడ్డ చేరునప్పటికి మా మోకాళ్ల వరకు నీరున్నది. నేను తడిసిన జేబులోనుండి డబ్బు తీయబోగా వృద్ధుడు చేయి అడ్డముపెట్టి, “పొద్దున మాట్లాడదాం, పడుకోండి. అక్కడ కాదు, ఊళ్లో” అనెను. ఆ రాత్రి వారి వసారాలలో పడుకొంటిమి.

తెల్లవారి ఆయన నన్ను ఒడ్డునకు తీసికొనిపోయి మా టైర్ల గాడులు చూపెను. రాత్రి వెన్నెలలో సొంపుగా కనబడిన ఇసుకయంతయు చీరి యుండెను. “మా ఊరు ఇక్కడే ఉండేది బాబూ. ఉప్పెన తర్వాత లోపలికి కట్టారు. నువ్వు రాత్రి బండి తిప్పింది మా ఊరి మీద,” అనెను. కోపము లేదు, నిష్ఠురము లేదు. అడ్రసు చెప్పినట్లు చెప్పెను. నేను, “తెలియదు తాతా” అంటిని. “తెలిస్తే ఎందుకు తిప్పుతావు?” అనెను.

1977 నవంబరు 19వ తేది శనివారము. శ్రోతలలో పెద్దవారికి ఆ దినము మరపు రానిది. పిన్నలకై చెప్పుచున్నాను. ఆనాటి తుపానులో సముద్రము ఐదు మీటర్లకు పైబడిన గోడగా లేచి దివిసీమపైకి వచ్చెను. పాలకాయతిప్ప, సొర్లగొంది మొదలగు తీరపు పల్లెలు తుడిచిపెట్టుకొని పోయినవి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే మృతులు సుమారు 10,000. ఉప్పెన నిలిచిన చోటునకు చేరువలో వారి స్మారకమున్నది. అంతకు నూరేండ్లకు పైగా ముందు, 1864 నవంబరు 1వ తేది రాత్రి బందరునకు వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయిరి. మా తాతకు 1977లో ఇరువదేండ్లు. తాటిచెట్టు పట్టుకొని రాత్రియంతయు గడిపెనట. ఎవరెవరిని పోగొట్టుకొనెనో ఆయన చెప్పలేదు, నేనడుగలేదు. చెట్టు సంగతి మాత్రము చెప్పి, తాటాకు అంచు రంపమువలె కోయుననియు, తెల్లవారువరకు అరచేతులలో రక్తమున్నట్లే తెలియలేదనియు అనెను.

ఆ మీదట నేనడిగిన ప్రశ్న ఒక్కటే: మేము మరల రావచ్చునా? ఆయన కొంచె మాలోచించి, రావచ్చుననియు, ఊరి వైపున, తుపాను భవనము ప్రక్కనున్న కళ్లములో దిగవలెననియు, ఇసుకమీదికి బండ్లు తేరాదనియు చెప్పెను. ఆ ఉప్పెన పిమ్మట తీరమంతట కట్టిన తుపాను రక్షణభవనములు శ్రోతలు చూచియే యుందురు. స్తంభములపై ఎత్తుగా నుండి, క్రింద నీరు పోవుటకు వదలిన కట్టడములు. విడిది చేయువానికి ఆ మెట్లకంటె మంచి పొరుగు లేదు.

ఇసుకమీదికి తేరాదనుటకు ఆయనకు మరియొక కారణమున్నది. దానిని డాక్టరుగారు మాకు వివరించిరి. జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లు ఈ తీరమున రాత్రివేళ గట్టెక్కి, ఇసుకలో గొయ్యి తీసి, ఒక్కొక్కటి సుమారు నూరు గ్రుడ్లు పెట్టి, పూడ్చి, తిరిగి సముద్రమునకు పోవును. నలుబదియైదు మొదలు అరువది దినములకు పిల్లలు బయటికి వచ్చును. పిల్ల రెండంగుళములైన నుండదు. వెలుతురెక్కడ ఎక్కువగా నున్న అదియే సముద్రమని తలచి అటు పాకును. మోటారు సైకిలు దీపము కనబడినచో దీపమువైపు పాకును. మనకు కనబడని టైరు గాడి దానికి పెద్ద కాలువ. దానిలో పడి, పైకి రాలేక, తెల్లవారి కాకులకు ఆహారమగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ జీవిని మొదటి షెడ్యూలులో చేర్చినది. అటవీశాఖవారు గ్రుడ్లను ఏరి కంచెవేసిన చోట్ల పొదిగించి పిల్లలను సముద్రములో వదలుచున్నారు. మడ అడవుల వైపు కృష్ణా అభయారణ్యము గలదు. అందులోనికి అనుమతి లేక పోరాదు, రాత్రి నిలువరాదు. అనగా మేము పోవు సంక్రాంతి తరువాతి దినములే తాబేలు వచ్చు దినములు. వెన్నెలరాత్రి సుఖమని నేను చెప్పితినే, ఆ రాత్రి మా చక్రముల క్రింద ఏమి నలిగినదో నాకు తెలియదు. దానిని తలచినపుడు ఆ సుఖము పూర్వమువలె రుచించుట లేదు.

మాలో అందరును దీనికి వెంటనే ఒప్పుకొనలేదు. మరుసటి యేడు చల్లపల్లి టీకొట్టుముందు పెద్ద వాదము జరిగినది. “ఇసుకలో తోలనప్పుడు ఇంత డబ్బు పోసి ఈ బండ్లు ఎందుకు కొన్నట్టు? స్కూటర్ల మీదే వచ్చేవాళ్లం గదా” అని ఒకరనిరి. “మనం నలుగురం మానేస్తే ఆగుతుందా? ఆదివారం కార్లు వస్తున్నాయి గదా” అని మరియొకరు. రెండవ మాటకు నాయొద్ద ఇప్పటికిని గట్టి జవాబు లేదు. కార్లు వచ్చుట నిజమే. ముగ్గురు ఆ యేటినుండి మాతో రావడము మాని వేరుచోట్లకు పోవుచున్నారు. వారు చెడ్డవారు కారు. అందులో ఒకరు నాకు డొంకలో బండి నిలువబెట్టుట నేర్పినవారు. బజారులో కలిసినపుడు కుశలము అడుగుకొందుము. విడిది మాట ఇద్దరము ఎత్తము.

మిగిలినవారము కళ్లములోనే దిగుచున్నాము. ముందుగా కళ్లము యజమానికి ఫోను చేసి అడుగుదుము. చీకటి పడకముందే గుడారములు వేయుట నియమము. మేకులకు బదులు కొబ్బరిమట్టను అడ్డముగా పూడ్చి దానికి త్రాడు కట్టు ఉపాయమును జాలరులు నేర్పిరి. ఆనాటినుండి గుడారమెన్నడును లేవలేదు. రాత్రి వంట సామాన్యమైనదే: అన్నము, పప్పుచారు, ఊరగాయ, ఊరివారు పంపినచో చేపల పులుసు. బందరువారు లడ్డు తెత్తురు. ఆ దినములలో తేగలు వచ్చును గనుక, గడ్డి రగిలించి తంపటి వేసి, కాలిన తేగలు విరుచుకొనుచు కూర్చుందుము. మాటలెక్కువ బండ్లను గూర్చియే. ఏ గొలుసు ఎన్ని వేల కిలోమీటర్లు వచ్చినది, ఏ నూనె మంచిది, ఎవరు ఎక్కడ ఎట్లు పడిరి. ఇతరులకు ఇది విసుగు. మాకు హరికథ.

శనివారము పగలు డొంకలలోను, కరకట్టపైనను తిరుగుదుము. సాయంకాలము కళ్లములో నెమ్మది పందెము పెట్టుదుము. ఊరి పిల్లలు దీనికొరకే ఎదురుచూచుచుందురు. ఇరువది గజముల దూరమును, కాలు నేల పెట్టక, అందరికంటె ఆలస్యముగా దాటినవాడు గెలిచినట్లు. వేగముగా పోవుట ఎవనికైనను చేతనగును. ఇంత బరువైన బండిని నత్తవలె నడపుటకు క్లచ్చిపై వ్రేళ్లు, బ్రేకుపై కాలు, చూపు అన్నియు ఒక్కటై యుండవలెను. చూపు చక్రముపై పడినదా, కాలు నేలపై పడినదే. ఇంతవరకు ఎక్కువసార్లు గెలిచినది బుల్లెట్టు పెద్దమనిషి. డాక్టరుగారు రెండుసార్లు ఆయనను ఓడించిరి. పిల్లలలో ఒకడు తన సైకిలు తెచ్చి మమ్ములనందరిని ఓడించి పోయెను. వాడు ఆ దినమంతయు ఊరిలో తలయెగురవేసి తిరిగెను.

ఆదివారము తెల్లవారుజామున బండ్లు కళ్లములో విడిచి, సముద్రమునకు కాలినడకన పోవుదుము. దీపములు వెలిగింపము. తాత ముందు నడచును. నిరుడు ఆయన ఒకచోట ఆగి, ఇసుకపై రెండువైపుల రెక్కల గుర్తులతో సముద్రమునుండి పైకి వచ్చి, మరల సముద్రమునకు దిగిపోయిన ఒక వెడల్పాటి జాడను చూపెను. నేను మొదట అది ఏదో బండి గాడి యనుకొంటిని. ఆయన నవ్వి, “ఇది మీ బండి కాదులే” అనెను.

తిరుగుప్రయాణమునకు ముందు ఊరి చెరువునుండి బిందెలతో తెచ్చిన మంచినీటితో గొలుసు, ఊచలు కడిగి నూనె రాయుట మరువరాదు. ఉప్పుగాలి రెండు రాత్రులలోనే ఇనుమును తినుట మొదలుపెట్టును. వరిగడ్డిని ఎత్తి గొడ్లకు వేయవలెను. బూడిదను నీరు పోసి పూడ్చవలెను. ఇవి చేయువరకు బండి ఎక్కకూడదని డాక్టరుగారి శాసనము.

ఈ యేటి ప్రయాణమునకు మూటలు సిద్ధమగుచున్నవి. మాఘపౌర్ణమికి సాగరసంగమ స్నానములకై జనము విశేషముగా వత్తురు గనుక, మేము అంతకు ముందే పోయి వచ్చెదము. మొన్న తాతకు ఫోను చేయగా, “వచ్చేటప్పుడు ఏం తేనక్కర్లేదు” అని, కొంచెము ఆగి, “పోయినసారి మీ ఇంటి మాగాయ బాగుంది” అనెను. ఆ మాట పెద్దమ్మ చెవినపడినది. నాకు పట్టిన ఖర్మను గూర్చి ఈ యేడు ఆమె యింకను అడుగలేదు. నిన్న సాయంకాలము నా గుడారపు సంచి ప్రక్కన నాలుగు శేర్ల మాగాయ జాడీ ఒకటి, మూతకు గుడ్డ కట్టి, తెచ్చి పెట్టెను. పింగాణీ జాడీ. కోడూరు డొంకలలోని గాడులమీదుగా దానిని పగులకుండ, నూనె కారకుండ ఎట్లు చేర్చవలెనో మాత్రము ఆమె చెప్పలేదు.